దూదిని కాల్చింది నిప్పేనా?

గజాలీ వచ్చి ముస్లిం ప్రపంచంలో సైన్సును చంపేశాడన్న మాట మన క్యాంటీన్ చర్చల్లో ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. అనేవాళ్లలో విద్యార్థులే కాదు, లెక్చరర్లూ ఉన్నారు. "నిప్పు దూదిని కాల్చదు, దేవుడు కాలుస్తాడు అన్నాడటగా! ఇంక సైన్సెక్కడిది?" అని ఒక నవ్వు నవ్వి, టీ తాగేసి వెళ్లిపోతారు. ఆ నవ్వు చూసే ఈ వ్యాసం రాయాలనిపించింది. గజాలీని వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. ఆయన ఏమన్నాడో, ఎవరిని ఉద్దేశించి అన్నాడో, అవతలివాళ్లు ఏమని బదులిచ్చారో తెలిసిన తర్వాత నవ్వడమో మానడమో ఎవరికి వారే తేల్చుకోవచ్చు.

నాకు అరబీ రాదు. ఈ గ్రంథాలను ఇంగ్లీషు అనువాదాల్లోనే చదువుకున్నాను. మాది కీసర కనుక ఉదాహరణలు కొన్ని కీసరవి వాడుకుంటాను. ఈ వాదానికీ మన ఉస్మానియా క్యాంపస్‌కీ కూడా ఒక సంబంధం ఉంది. అది కాస్త ఆగి చెప్తాను.

ముందు చిక్కుముడి ఎక్కడుందో చూద్దాం. కారణం ఉంటే కార్యం పుట్టి తీరాలా? కాలానికి మొదలు ఉందా? ఈ విశ్వం ఎప్పుడూ ఉన్నదేనా, లేక ఒకప్పుడు పుట్టిందా? పైకి ఇవి మూడు ప్రశ్నలు. మన సిలబస్‌లో కూడా మూడు వేర్వేరు యూనిట్లలో పెడతారు. కానీ బాగ్దాదులోనో బుఖారాలోనో కూర్చుని ఆలోచించినవాళ్లకు ఇవి ఒకే ప్రశ్న. ఎలాగంటారా? కారణం సంపూర్ణంగా ఉన్నప్పుడు కార్యం ఆలస్యం కాకూడదు. నూనె ఉంది, ఒత్తి ఉంది, నిప్పు తగిలింది, గాలి లేదు. అయినా దీపం రేపు వెలుగుతుందంటే ఎవరు ఒప్పుకుంటారు? ఇక విశ్వానికి కారణం దేవుడు. ఆయనలో లోపం లేదు, మార్పు లేదు. అలాంటి కారణం అనాదిగా ఉంటే కార్యమైన విశ్వం కూడా అనాదిగా ఉండాలి కదా! కాదు, విశ్వం ఒకనాడు మొదలైంది అనాలంటే రెండే దారులు. అంతకుముందు దేవుడిలో ఏదో కొరత ఉండేదని ఒప్పుకోవాలి. లేదంటే కారణం కార్యాన్ని బలవంతపెట్టదని చెప్పాలి. మొదటి మాట ఏ భక్తుడూ అనలేడు. రెండో మాట అన్నవాడు నిప్పునూ దూదినీ ముట్టుకోక తప్పదు.

గజాలీకి రెండు మూడు వందల ఏళ్ల ముందే బస్రా, బాగ్దాదు నగరాల్లో ఈ చర్చ మొదలైంది. మూతజిలా అనే తార్కికుల శాఖలో నజ్జామ్ అనే ఆయన 9వ శతాబ్దం మొదటి సగంలో ఒక సిద్ధాంతం చెప్పాడు. కట్టెలో నిప్పు దాగి ఉంటుంది, కాల్చినప్పుడు అది కొత్తగా పుట్టదు, బయటపడుతుంది అన్నాడు. మన సాంఖ్యుల సత్కార్యవాదం చదివినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. నువ్వుల్లో నూనె ఉన్నట్టే కార్యం ముందే కారణంలో ఉందంటారు వాళ్లు. నజ్జామ్‌తో పడనివాళ్లు పరమాణువాదం పట్టుకున్నారు. తర్వాత అష్‌అరీ శాఖవాళ్లు ఆ వాదాన్ని చివరిదాకా లాగారు. పరమాణువుకు అంటిన రంగు, వేడి, చలనం వంటి గుణాలేవీ రెండు క్షణాలు నిలవవు, దేవుడు ప్రతి క్షణం వాటిని మళ్లీ సృష్టిస్తున్నాడు అన్నారు. సినిమా రీలు గుర్తు తెచ్చుకోండి. సెకనుకు 24 బొమ్మలు తెరమీద పడతాయి. మనకు మాత్రం హీరో పరిగెత్తుతున్నట్టే ఉంటుంది. ఒక బొమ్మలోని హీరో తర్వాతి బొమ్మలోని హీరోని నెట్టడం లేదు, ప్రతి బొమ్మనూ దీపమే వేరుగా తెరమీద వేస్తోంది. అష్‌అరీల లోకం ఇంచుమించు ఇదే.

ఇది బౌద్ధుల క్షణికవాదంలా లేదూ అని మీరు అడగవచ్చు. పోలిక ఉంది. అరబ్బు పరమాణువాదానికి భారతదేశంలో మూలం ఉందా అని పండితులు చాలాకాలంగా వాదించుకుంటున్నారు. నా మటుకు నాకు పోలిక కంటే తేడాయే ఆసక్తిగా అనిపిస్తుంది. బౌద్ధుడికి క్షణానికీ క్షణానికీ మధ్య సృష్టికర్త అక్కర్లేదు. అష్‌అరీకి ఆయన లేనిదే రెండో క్షణం లేదు.

ఇక ఇబ్న్ సీనా దగ్గరికి వద్దాం. 980లో బుఖారా దగ్గర పుట్టి 1037లో హమదాన్‌లో పోయాడు. వైద్యుడిగా పేరు ఎక్కువ, కానీ తత్త్వంలో అంతకన్నా పెద్దవాడు. ఆయన చెప్పిన ఒక తేడా అర్థమైతే సగం వాదం అర్థమైనట్టే. ఇల్లు కట్టిన మేస్త్రీ ఇంటికి అసలు కారణం కాదంటాడాయన. మేస్త్రీ పోయినా ఇల్లు నిలబడే ఉంటుంది మరి! రాళ్లు కదిలి ఒకచోట చేరడానికి మాత్రమే అతను కారణం.

మా కీసరగుట్ట మీద ఒక బండరాతిపై 'తొలుచువాన్డ్రు' అని చెక్కి ఉంది. విష్ణుకుండినుల కాలం, అయిదో శతాబ్దం నాటిదని, తెలంగాణలో దొరికిన అతి పాత తెలుగు మాటల్లో ఒకటని చరిత్రకారులు చెబుతారు. రాతిని తొలిచేవాళ్లు అని అర్థం. ఆ తొలిచినవాళ్లు పోయి పదిహేను వందల ఏళ్లు దాటింది, అక్షరాలు ఉన్నాయి. అక్షరాలు ఈ క్షణాన ఉండడానికి ఆ ఉలి కారణం కాదు. దీపం, వెలుగు అలా కాదు. దీపం తీసేస్తే వెలుగు ఆ క్షణమే పోతుంది. అసలైన కారణం అంటే కార్యంతో పాటు ఉండి దాన్ని నిలబెట్టేది. దేవుడు విశ్వానికి ఉలి పట్టిన పనివాడి వంటి కారణం కాడు, వెలుగుకు దీపం వంటి కారణం. దీన్ని ఇబ్న్ సీనా చెయ్యి, తాళంచెవి ఉదాహరణతో కూడా చెప్పాడు. చెయ్యి తిరుగుతుంది, చెవీ తిరుగుతుంది. రెండూ ఒకే క్షణంలో తిరుగుతాయి, అయినా చెయ్యి తిరిగింది కాబట్టే చెవి తిరిగింది అంటాం తప్ప తిరగేసి అనం. ముందు వెనకలు కాలంలోనే ఉండనక్కర్లేదు, ఆధారపడడంలో కూడా ఉంటాయి. కాబట్టి విశ్వం అనాది అయినా దేవుడి మీద ఆధారపడిన కార్యమే.

ఎంత అందంగా అతికిందో చూడండి. ఒక్కటే ఇబ్బంది. దీపానికి వెలుగు ఇవ్వడం మానే స్వేచ్ఛ లేదు.

గజాలీకి మండింది అక్కడే. 1058లో తూస్‌లో పుట్టిన అబూ హామిద్ గజాలీ 1091 నుంచి బాగ్దాదు నిజామియా విద్యాలయంలో ఆచార్యుడు. ఆయన పద్ధతి నాకు నచ్చుతుంది. తిట్టే ముందు చదివాడు. తత్త్వవేత్తల అభిప్రాయాలను ఉన్నవి ఉన్నట్టు వివరిస్తూ ఒక పుస్తకం రాశాడు. లాటిన్‌లోకి ఆ పుస్తకం వెళ్లడంతో యూరపువాళ్లు చాలాకాలం ఆయన్ని కూడా ఆ గుంపులోనివాడే అనుకున్నారు. 1095లో 'తహాఫుత్ అల్ ఫలాసిఫా' పూర్తిచేశాడు. తత్త్వవేత్తల తడబాటు అనుకోండి, కుప్పకూలడం అనుకోండి. అందులో 20 ప్రశ్నలున్నాయి. మొదటిదీ అన్నిటికన్నా పొడుగైనదీ విశ్వం అనాదా అన్నది. కార్యకారణాల చర్చ 17వది.

మొదటి ప్రశ్నలో తత్త్వవేత్తల అభ్యంతరం ఇది: ఏమీ లేని ఆ శూన్యంలో ఒక క్షణానికీ మరో క్షణానికీ తేడా ఏముంది? సృష్టి ఆ క్షణానే ఎందుకు, ఇంకొంచెం ముందు ఎందుకు కాకూడదు? కీసర స్థలపురాణం తెలిసినవాళ్లకు దీని పదును వెంటనే తెలుస్తుంది. రాముడు లింగ ప్రతిష్ఠకు ముహూర్తం పెట్టుకుని, కాశీ నుంచి లింగం తెమ్మని హనుమంతుణ్ణి పంపాడు. ఆయన 101 లింగాలు తెచ్చాడు గాని ముహూర్తానికి అందుకోలేకపోయాడు. ఈలోగా శివుడే ప్రత్యక్షమై లింగం ఇచ్చాడు. హనుమంతుడు కోపంతో విసిరేసిన లింగాలే గుట్టంతా కనిపించేవి అంటారు. ఆ కథ నడవడానికి ముహూర్తం కావాలి, ముహూర్తానికి గ్రహాలు కావాలి. గ్రహాలే పుట్టనప్పుడు పంచాంగం ఎవరు చూడాలి? ఏ క్షణమూ మంచిది కాదు, ఏ క్షణమూ చెడ్డది కాదు. మరి ఎంపిక ఎలా జరిగింది?

గజాలీ జవాబు ఖర్జూరం పండ్లతో మొదలవుతుంది. ఒకడికి తినాలని ఉంది. ఎదురుగా రెండు పండ్లున్నాయి, అన్ని విధాలా సమానం. ఒకటే తీసుకోగలడు. మీ లెక్క ప్రకారం ఆ మనిషి ఎప్పటికీ చూస్తూ కూర్చోవాలి కదా! కానీ తీసుకుంటాడు. తేడా లేని రెండిట్లో ఒకదాన్ని వేరుచేయడమే సంకల్పం అనే శక్తి చేసే పని. అదే లేకపోతే సంకల్పమన్న మాటే అనవసరం. దేవుడు అనాదిగానే 'ఫలానా వేళ' అని సంకల్పించాడు, ఆ వేళకు విశ్వం వచ్చింది, ఆయనలో మార్పేమీ లేదు. కోర్డోవా న్యాయాధిపతి ఇబ్న్ రుష్ద్ (1126–1198) తన జవాబు గ్రంథంలో దీన్ని తేలిగ్గా పట్టుకున్నాడు. ఆ మనిషి ఒక పండు కంటే మరో పండును ఎంచుకోలేదయ్యా, ఊరుకోవడం కంటే తినడాన్ని ఎంచుకున్నాడు, ఏ పండు చేతికొచ్చినా అతనికి ఒకటే అన్నాడు. ఈ దెబ్బ గట్టిదే అని నా అభిప్రాయం.

గజాలీ రెండో అస్త్రం గణితం. దీన్ని ఆరో శతాబ్దంలోనే అలెగ్జాండ్రియా క్రైస్తవ పండితుడు ఫిలోపోనస్ వాడాడు. అప్పటి ఖగోళం ప్రకారం సూర్యుడు ఏడాదికి ఒక చుట్టు తిరుగుతాడు, శని ముప్పై ఏళ్లకు ఒక చుట్టు. విశ్వం అనాది అయితే ఇద్దరూ అనంతమైన చుట్లు పూర్తిచేశారు. మరి సూర్యుడివి ముప్పై రెట్లు ఎక్కువ ఎలా అవుతాయి? ఆ చుట్ల సంఖ్య సరా, బేసా? సరి అనలేరు, బేసి అనలేరు. లెక్కల డిపార్ట్‌మెంటు మిత్రులు ఇక్కడ నవ్వుతారని తెలుసు. అనంతాలకు మామూలు అంకెల నియమాలు వర్తించవని 19వ శతాబ్దం చివర్లో కాంటర్ చూపించాడు. పూర్ణసంఖ్యలెన్నో సరిసంఖ్యలూ అన్నే. అయినా ఈ వాదం చావలేదు. 1979లో విలియం లేన్ క్రెయిగ్ అనే అమెరికన్ దీనికి కొత్త బట్టలు తొడిగి పుస్తకం రాస్తే దాని మీద ఇంకా పోట్లాటలు సాగుతూనే ఉన్నాయి. విశ్వం వయసు సుమారు 1,380 కోట్ల సంవత్సరాలని ఇప్పుడు లెక్కగట్టారు కదా, గజాలీ గెలిచాడు అనేవాళ్లూ ఉన్నారు. నేను అంత తొందరపడను. ఆ లెక్క మనం చూడగలిగిన విస్తరణ ఎప్పటినుంచి సాగుతోందో చెబుతుంది. దానికి ముందు అన్న మాటకు అర్థం ఉందో లేదో అది చెప్పదు.

ఆ 'ముందు' అన్న మాట గురించి మాత్రం గజాలీ అసాధారణమైన సంగతి ఒకటి చెప్పాడు. విశ్వం అంచు బయట ఏముంది అని అడిగితే మీరేమంటారు? బయట అంటూ ఏదీ లేదు, ఖాళీ కూడా లేదు, ఉన్నట్టు తోచడం మన ఊహ చేసే పని అంటారు. సరే, విశ్వానికి ముందు కాలం ఉందని తోచడం కూడా అదే ఊహ పని. కాలం విశ్వంతో పాటే సృష్టి అయింది. స్థలం విషయంలో ఒప్పుకున్నది కాలం విషయంలో ఎందుకు ఒప్పుకోరు? మొత్తం పుస్తకంలో నాకు బాగా నచ్చిన పేజీలు ఇవే. కాలానికీ స్థలానికీ కలిపి ఒకే న్యాయం అడిగినవాడు 11వ శతాబ్దంలో ఉన్నాడంటే ఆశ్చర్యం వేయదూ!

ఇక 17వ ప్రశ్న. శివరాత్రి జాతరకు కీసరగుట్ట మీద వేల మంది దీపాలు పెడతారు. ప్రతి ఒత్తీ దూదే. నిప్పు తగిలిన ప్రతి ఒత్తీ అంటుకుంటుంది. దీన్నుంచి మనకు నిజంగా కనిపించింది ఏమిటి? నిప్పు తగిలింది, ఆ వెంట దూది కాలింది. అంతే. ఒకటి ఇంకోదానితో 'పాటు' జరగడం చూశాం, ఒకటి ఇంకోదాని 'వల్ల' జరగడం ఎవరూ కళ్లతో చూడలేదు. గజాలీ వాడిన ఉదాహరణ సరిగ్గా నిప్పూ దూదీయే. నిప్పు ప్రాణం లేని వస్తువు, దానికి చేయడం ఏమిటి, ఆ నలుపునూ బూడిదనూ సృష్టించేది దేవుడు, నేరుగానో దేవదూతల ద్వారానో అంటాడు. పుట్టు గుడ్డివాడి కథ కూడా చెప్పాడు. పగటిపూట అతని కంటి పొర హఠాత్తుగా తొలగింది. రంగులు కనిపించాయి. కన్ను తెరవడమే రంగులు కనబడడానికి కారణం అనుకున్నాడు. పొద్దు గూకాక గాని తెలియలేదు, సూర్యుడనేవాడు ఒకడున్నాడని. మనం చూసే కారణాల వెనక ఎప్పుడూ అస్తమించని సూర్యుడు ఒకడుంటే మనకెలా తెలుస్తుంది?

దీనికి వచ్చే వెక్కిరింతను కూడా గజాలీయే ముందు రాసిపెట్టాడు. అలాగైతే ఇంట్లో వదిలి వచ్చిన పుస్తకం ఈపాటికి గుర్రంగా మారి ఉండొచ్చు, కాదని ఎలా చెప్తావు? ఆయన జవాబు: మారవచ్చు అన్నది వేరు, మారింది అన్నది వేరు. దేవుడు తన ఆనవాయితీని నడుపుతాడు, అది మారలేదన్న జ్ఞానాన్ని కూడా మనలో కలిగిస్తాడు. ఇంతటితో ఆగలేదు. అదే ప్రశ్నలో ఇంకో దారి కూడా చూపాడు. నిప్పుకు కాల్చే స్వభావం ఉందనే ఒప్పుకుందాం. అయినా అభ్రకం వంటి పొడి ఒంటికి పూసుకున్నవాడు కొలిమిలో కూర్చున్నా కాలడు కదా. మనకు తెలియని అడ్డులు ప్రకృతిలో ఎన్ని ఉన్నాయో! ఈ రెండు దారుల్లో ఆయన మనసు ఏది? మార్మురా మొదటిదన్నాడు, రిచర్డ్ ఫ్రాంక్ దాదాపు రెండోదన్నాడు, ఫ్రాంక్ గ్రిఫెల్ 2009లో ఆయన కావాలనే తేల్చకుండా వదిలాడన్నాడు. క్యాంటీన్లో ఒక్క వాక్యంలో తేల్చేవాళ్లు దీన్ని గమనించాలి.

ఇది హ్యూమ్ చెప్పిందే కదా అంటారు ఫిలాసఫీ విద్యార్థులు. 1739లో హ్యూమ్ ఇంచుమించు ఇదే చూపులోంచి బయలుదేరిన మాట నిజమే. అలవాటు అన్న మాట ఇద్దరి దగ్గరా ఉంది. హ్యూమ్ అలవాటు మన మనసుది, గజాలీ ఆనవాయితీ దేవుడిది. ఒకరికి ప్రకృతి నియమం వెనక ఏ హామీ లేదు, ఇంకొకరికి హామీ ఇచ్చే పెద్దమనిషి ఉన్నాడు. పరీక్షలో ఈ తేడా రాయకుండా వదిలిపెడతారు చాలామంది.

ఇబ్న్ రుష్ద్ సుమారు 1180లో 'తహాఫుత్ అల్ తహాఫుత్' రాశాడు, తడబాటు మీద తడబాటు అని. ఆయనకు ఈ 17వ ప్రశ్న దగ్గర ఓపిక అయిపోయింది. తెలివి అంటే వస్తువులను వాటి కారణాలతో సహా గ్రహించడమే, కారణాలను కొట్టేసినవాడు తెలివినే కొట్టేస్తున్నాడు అన్నాడు. ఆ మీదట ఒక లాయరు ప్రశ్న వేశాడు. అలవాటు అంటున్నావు, ఎవరి అలవాటు? దేవుడిదా? అలవాటు అంటే మళ్లీ మళ్లీ చేయగా ఒంటబట్టేది, దేవుడికి కొత్తగా ఒంటబట్టేదేముంది? వస్తువులదా? ప్రాణం లేనివాటికి అలవాటేమిటి, దాన్ని స్వభావం అంటారు. మనదా? అయితే అది బుద్ధి చేసే పనే. న్యాయంగా చెప్పాలంటే ఈ మూడు ప్రశ్నలకూ గజాలీ తరఫున మంచి జవాబు నాకు దొరకలేదు. అయితే పూర్తి స్వేచ్ఛగల దేవుడూ, మారని ప్రకృతీ రెండూ కావాలంటే ఎలా అన్న గజాలీ ప్రశ్నకు ఇబ్న్ రుష్ద్ జవాబు కూడా నన్ను ఒప్పించలేదు.

మరి సైన్సును చంపిన నేరం? 'తహాఫుత్' ముందుమాటల్లోనే గ్రహణాల ప్రస్తావన ఉంది. సూర్యచంద్రుల మధ్య భూమి అడ్డం రావడం వల్ల చంద్రగ్రహణం పడుతుందన్న లెక్క రుజువైనది, మతం పేరుతో దాన్ని కాదనేవాడు మతానికే చేటు చేస్తాడు అని స్పష్టంగా రాశాడు. ఆయన తర్వాత చరిత్ర చూడండి. 1259లో మరాఘా నక్షత్రశాల మొదలైంది. 14వ శతాబ్దంలో డమాస్కస్‌లో ఇబ్న్ అల్ షాతిర్ గ్రహగతుల లెక్కలు మార్చి రాశాడు, వాటిలో కొన్ని నమూనాలు కోపర్నికస్ వాటితో కలుస్తాయి. ఇంద్రధనుస్సు ఎలా ఏర్పడుతుందో నీళ్లు నింపిన గాజు గోళంతో పరీక్షించి చూపిన కమాలుద్దీన్ ఫారిసీ కూడా గజాలీ పోయిన రెండు వందల ఏళ్ల తర్వాతివాడే. చచ్చిన సైన్సు ఇన్ని పనులు చేయదు. తర్వాతి క్షీణతకు కారణాలు దండయాత్రల్లో, వ్యాపార మార్గాల్లో, రాజుల ఖజానాల్లో వెతకాలి గాని ఒక పుస్తకంలోని ఒక ప్రశ్నలో కాదు.

ఆ ఫారిసీ గ్రంథం అచ్చయింది ఎక్కడో తెలుసా? మన హైదరాబాదులో. 1888లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం, అన్వారుల్లా ఖాన్ పూనికతో దాయిరతుల్ మారిఫ్ అనే ప్రచురణ సంస్థ పుట్టింది. రాతప్రతులుగా మూలపడి ఉన్న అరబీ గ్రంథాలను సరిపోల్చి, పరిష్కరించి అచ్చువేయడం దాని పని. తర్వాత అది మన క్యాంపస్‌కే వచ్చింది. కైరో, బెర్లిన్, పారిస్ పండితులు పాదసూచికల్లో 'హైదరాబాద్' అని రాస్తే చాలాసార్లు ఈ సంస్థ ప్రతి అనే అర్థం. కీసర నుంచి ఈసీఐఎల్ మీదుగా రోజూ బస్సులో వచ్చే మా ఊరి పిల్లల్ని అడిగాను. ఆ పేరు విన్నవాడు ఒక్కడూ లేడు.

ఫక్రుద్దీన్ రాజీ రాసిన 'మబాహిస్ అల్ మష్రికియా' ఇక్కడే 1924–25లో వచ్చింది. అల్ బెరూనీ భారతదేశం మీద రాసిన గ్రంథం, మన యుగాల లెక్కలూ సాంఖ్య సిద్ధాంతాలూ అరబ్బులకు వివరించినది, 1958లో ఇక్కడే వచ్చింది. 1929 జనవరిలో ఇక్బాల్ హైదరాబాదు వచ్చి ప్రసంగించినప్పుడు అష్‌అరీల పరమాణువులూ కాలమూ కూడా ఆ ఉపన్యాసాల్లో ఉన్నాయి.

వీటన్నిటిలో మన విషయానికి ముఖ్యమైనది 1938–39లో మూడు సంపుటాలుగా వచ్చిన 'కితాబ్ అల్ ముతబర్'. రాసినవాడు అబుల్ బరకాత్ బాగ్దాదీ, 12వ శతాబ్దం వాడు. యూదుడిగా పుట్టి ముదిమిలో ఇస్లాం స్వీకరించిన వైద్యుడు. ఎవరి మాటా అప్పు తీసుకోకుండా తాను స్వయంగా ఆలోచించి సరిచూసుకున్నదే రాస్తానన్నాడు, పుస్తకం పేరు కూడా అదే భావం. అరిస్టాటిల్, ఇబ్న్ సీనా ఇద్దరూ కాలం అంటే చలనానికి కొలత అన్నారు. చలనం లేకపోతే కాలం లేదు. అబుల్ బరకాత్ ఒప్పుకోలేదు. కళ్లు మూసుకుని చీకట్లో కదలకుండా కూర్చున్నవాడికి కూడా కాలం గడుస్తున్నట్టు తెలుస్తుంది, దేన్నీ కొలవకుండానే తెలుస్తుంది. కాలం చలనానికి కొలత కాదు, ఉనికికి కొలత. ఉన్నది ఏదైనా కొంతసేపు ఉంటుంది. అయితే దేవుడో? ఆయన కూడా ఉన్నాడు కాబట్టి కాలంలోనే ఉన్నాడు. కాలానికి అతీతమైన నిత్యత్వం అంటూ వేరే గదులు కట్టడం మాటల గారడీ అన్నాడు. దేవుడికి కొత్త కొత్త సంకల్పాలు కలగవచ్చు, ఒక్కొక్క జీవి సంగతీ ఆయనకు తెలుసు అన్నాడు. దేవుడు మారడన్న మాటే ఇబ్న్ సీనానీ గజాలీనీ ఇద్దరినీ ఒకే ముడిలో బిగించింది. ఈయన ఆ మాటనే వదిలేశాడు. ష్లోమో పీనెస్ వంటి పండితులు ఈ హైదరాబాదు ప్రతి ఆధారంగానే అబుల్ బరకాత్‌ను ఆధునిక ప్రపంచానికి పరిచయం చేశారు.

ఇంకొక్క పుస్తకం. 15వ శతాబ్దంలో ఇస్తాంబుల్ జయించిన సుల్తాను రెండో మహమ్మద్‌కు గజాలీకీ తత్త్వవేత్తలకూ మధ్య తగవు తేల్చాలనిపించింది. ఖోజాజాదే, అలాఉద్దీన్ తూసీ అనే ఇద్దరు పండితుల చేత విడివిడిగా పుస్తకాలు రాయించాడు. ఖోజాజాదేదే మేలు అని తీర్పు వచ్చింది. ఓడిపోయిన తూసీ పుస్తకాన్ని, నాలుగు వందల ఏళ్లు గడిచాక, దాయిరతుల్ మారిఫ్ వాళ్లు హైదరాబాదులో అచ్చు వేశారు.